బాలమణి కన్ను ఎవరిని చూడాలి

2024 వానాకాలం. పద్మారావు నగర్‌లో ఒక మందుల షాపు పైన, మొదటి అంతస్తులో రెండు గదులు మావి. ముందు గదిలో మూడు కుర్చీలు, ఒక పెద్ద అద్దం, ఉత్తరం వైపు కిటికీ. వెనక గదిలో మైనం, ప్లాస్టర్, పాలిష్ మిషను, నా రంగుల గిన్నెలు. బోర్డు మీద ‘ఆక్యులరిస్ట్’ అని రాసి ఉంటుంది. అది చూసి కళ్ళజోడు కోసం మెట్లెక్కి వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు. “కళ్ళజోళ్ళు కాదు బాబూ, మేం కళ్ళే చేస్తాం” అంటే కంగారుపడి దిగిపోతారు.

ఈ పనిలో నాకది ముప్పై ఒకటో ఏడు. జబ్బు వల్లో దెబ్బ వల్లో కన్ను తీసేసిన వాళ్ళకి, ఆ గుంటలో అమిరేలా ఆక్రిలిక్ కన్ను చేసి పెట్టడం మా వృత్తి. అందరూ గాజు కన్ను అంటారు గానీ గాజు కాలం ఎప్పుడో పోయింది. ఇది కట్టుడు పళ్ళ చిగుళ్ళు చేసే పదార్థమే. గోళీలా గుండ్రంగానూ ఉండదు, ఒక చిన్న చిప్పలా రెప్పల వెనక ఒదిగి కూర్చుంటుంది. ముందు ఇంప్రెషన్, అంటే కంటి గుంట అచ్చు తీస్తాం. దాన్నిబట్టి మైనంతో నమూనా చేసి, రెప్పల కింద పెట్టి చూస్తాం. నల్లగుడ్డుని ఐరిస్ అంటాం. దాన్ని ఒక చిన్న బిళ్ళ మీద విడిగా రంగులతో వేసి, ఆ మైనంలో సరైన చోట గుచ్చుతాం. ఆ తర్వాత ఆక్రిలిక్ పోత, సన్నటి ఎర్ర పట్టు పోగులతో నరాలు, చివరికి పాలిష్. చూపు మాత్రం ఇవ్వలేం. ఆ మాట మొదటి రోజే చెప్పేస్తాను, ఎవరూ ఆశ పెట్టుకోకూడదని.

అంతకు ఏడాది ముందు స్వప్న ఒక ఏఐ సాఫ్ట్‌వేర్ తెప్పించింది. స్వప్నది మౌలాలి. నా దగ్గరే పని నేర్చుకుని పదేళ్ళుగా నాతోనే ఉంది, ఇప్పుడు సగం పేషెంట్లు తన వాళ్ళే. ట్యాబ్‌తో బాగున్న కంటిని ఫోటో తీస్తే, ఆ సాఫ్ట్‌వేర్ రంగులు విడదీసి ఐరిస్‌ని అచ్చు వేసి ఇస్తుంది. కొత్త కన్నులో నల్లగుడ్డు ఎక్కడ కూర్చోవాలో ఫోటో మీద గీతలు గీసి చూపిస్తుంది. నేను రెండు రోజులు మెడ వంచి వేసే ఐరిస్‌ని అది పావుగంటలో తేల్చేస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

“ముప్పై ఏళ్ళు రంగులు కలిపినదాన్ని, ఈ పలక నాకు గోధుమరంగు నేర్పుతుందా?” అని ఎగిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచేదేం లేదు. చివరికి రాజీకి వచ్చాం. రంగు నా పని, కొలతలు దాని పని. నల్లగుడ్డు చోటు కుదర్చడానికి మనిషిని గంటసేపు కూర్చోబెట్టడం నాకు ఎప్పుడూ విసుగే. ఆ పీడ విరగడైందని లోలోపల సంతోషించాను కూడా.

ఆ వానల్లోనే బాలమణి వచ్చింది. మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది, నలభై లోపే ఉంటాయి. కొత్తిమీర కట్ట విప్పుతుంటే ఎండుపుల్ల ఎడమ కంట్లో కొట్టుకుంది. ఎవరో చెప్పిన చుక్కల మందు పది రోజులు వేసుకుంది. ఆసుపత్రికి వెళ్ళేసరికి పుండు లోపలికి పాకి, కన్ను తీసేయక తప్పలేదు. గాయం మానాక మా దగ్గరికి పంపారు. కొంగు నుదుటి దాకా లాక్కుని, ఎడమ వైపు కప్పుకుని కూర్చుంది.

“చూపు రాదమ్మా, తెలుసు కదా?” అన్నాను.

“ఎరికే మేడమ్. డాక్టర్ సాబ్ చెప్పిండు. ఒక్క కన్నుతోని దుకానం నడుపుకుంట, దానికేం తక్లీఫ్ లేదు. నా బిడ్డ కోసం అచ్చిన.”

ఆమె కూతురు శిరీషకి ఎనిమిదేళ్ళు. పుట్టుకతోనే చెవుడు. తండ్రి పోయాక ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. బడిలో నేర్పిన సైగలు కొన్ని, తల్లీకూతుళ్ళు కల్పించుకున్నవి కొన్ని. వాళ్ళ కబుర్లన్నీ చేతులతో, మొహంతో సాగేవి.

“కన్ను తీసిన కాడికెల్లి పిల్ల నా మొకం సూస్తలేదు మేడమ్. ముందుగాల భయపడ్డది అనుకున్న. రెండు నెలలాయె. అన్నం పెడ్తె అటు మలిగి తింటది. బడిల ఏమైందో చెప్పదు, ఆకలైతుందని సుత చెప్పదు. మొకం సూడకపోతె మేము ఎట్ల మాట్లాడుకోవాలె?” అని కొంగు తీసేసింది. “మంచిగ ఉన్న కన్ను పెట్టుండ్రి. అది నా మొకం సూస్తె సాలు.”

చెవులున్న పిల్ల అలిగి అటు తిరిగి కూర్చున్నా, వెనక నుంచి పిలవొచ్చు, బతిమాలొచ్చు. ఈ పిల్లని పిలవడానికి ఈ తల్లికి మొహం తప్ప ఇంకేం లేదు. నేనే చేస్తానన్నాను, ఐరిస్ స్వయంగా వేస్తానన్నాను. ముదురు గోధుమరంగు, లోపల తేనె రంగు చారలు, అంచున పొగలాంటి సన్నటి వలయం. రెండు రోజులు వేరే పని పెట్టుకోలేదు.

కన్ను పెట్టే రోజు శిరీషని కూడా తెచ్చింది. రెండు జడలు, ముందు పన్ను ఒకటి ఊడింది. కిటికీ పక్కన ఉన్న చిన్న పీట మీద కూర్చుంది. నేను కన్ను అమర్చి బాలమణిని కూతురి వైపు తిప్పాను. పిల్ల తలెత్తి ఒక్క క్షణం తల్లి మొహంలోకి చూసింది. వెంటనే మెడ తిప్పి వెనక గోడ వైపు చూసింది. అక్కడ క్యాలెండర్ తప్ప ఏమీ లేదు. మళ్ళీ తల్లిని చూసి, మొహం ముడుచుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. కొత్తచోటు కదా, పిల్ల దృష్టి నిలవడం లేదనుకున్నాను.

స్వప్న నా పక్కకి వచ్చి నెమ్మదిగా అంది. “మేడమ్, ఏమనుకోకుండ్రి. అంచుకు నీలం ఎక్కువైనట్టుంది.”

“నీలమా? నీ కళ్ళకేమైంది?”

“బయట ఎండల చూద్దాం మేడమ్, జెర రండి.”

బాల్కనీలోకి వెళ్ళాం. వాన వెలిసి తెల్లటి ఎండ కాస్తోంది. నాకు రెండు కళ్ళూ ఒకేలా కనిపించాయి. స్వప్న ట్యాబ్ తెరిచింది. ఎడమ కన్ను అంచు చుట్టూ ఆ సాఫ్ట్‌వేర్ గీత గీసి, నీలం పాలు మించిందని చూపిస్తోంది. “దానికేం తెలుసు” అని విసుక్కుని బాలమణిని అడిగాను. ఆమె చేతి అద్దం దించకుండా “మంచిగనే ఉంది మేడమ్” అంది.

“నిజం చెప్పు. నేనేమీ అనుకోను.”

“ఎండల… జెర పిల్లి కన్ను లెక్క కొడ్తుంది మేడమ్.”

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కంటిలోపలి లెన్స్ పసుపు తిరిగితే నీలంలో తేడాలు ముందు పోతాయట, మెల్లమెల్లగా పోతాయి కాబట్టి మనిషికి తెలియదట. “ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉండి ఉంటుంది?” అంటే, “మీరు కాస్త ఆలస్యంగా వచ్చారు” అన్నాడాయన మర్యాదగా. ఆటోలో కూర్చుని ఏడ్చాను. ఊళ్ళో వాళ్ళందరికీ కళ్ళు చేసే మనిషిని, నా కళ్ళు చూపించుకోలేదు. ఎంతమందికి పిల్లి కళ్ళు పెట్టి పంపానో, ఎంతమంది నా వయసు చూసి “మంచిగనే ఉంది మేడమ్” అని వెళ్ళిపోయారో! సిగ్గు కన్నా ఆ బాధే ఎక్కువైంది.

మరుసటి ఉదయం స్వప్నతో చెప్పాను. “నీ పలకతోనే వేయి.”

తన చోట నేనుంటే ఇలా దొరికిన మనిషిని దెప్పి ఉండేదాన్ని. స్వప్న నాకు చాయ్ ఇచ్చి, “నాది ఏంది మేడమ్, మనదే” అని పనిలో కూర్చుంది. గత మూడేళ్ళ పేషెంట్ల ఫైళ్ళు కూడా తనే బయటికి తీసింది, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిపిద్దామని. ఆ అమ్మాయిని నేను సరిగ్గానే తయారు చేశాను అనుకున్నాను ఆ పూట, ఆ ఒక్క సంగతిలోనైనా.

వారం రోజులకి రెండో కన్ను సిద్ధమైంది. చెప్పుకోవాలి, అద్భుతంగా ఉంది. తేనె చారలు, పొగ వలయం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. స్వప్న చేత్తో వేసిన నరాలు, ఎండలో తిరిగే మనిషికి తెల్లగుడ్డులో ఉండే మట్టి రంగు. స్క్రీన్ మీద గీతలన్నీ పచ్చగా వెలిగాయి. బాలమణి అద్దంలో చూసుకుని రెండు చేతులతో నోరు మూసుకుంది. “నా కన్నే మేడమ్! అరే, నా కన్నే!” అంది. స్వప్నకి కళ్ళు చెమర్చాయి. నాకు కాస్త కుళ్ళు కూడా కలిగింది, అబద్ధమెందుకు.

బాలమణి శిరీష ముందుకు వెళ్ళి వంగింది. పిల్ల చూసింది. ఈసారి కాస్త ఎక్కువసేపే చూసింది. చూసి, మళ్ళీ వెనక్కి తిరిగింది. పీట మీద నుంచి లేచి గోడ దగ్గరికి పోయి, క్యాలెండర్ ఎత్తి దాని వెనక చూసింది. తిరిగొచ్చి తల్లి ముందు నిలబడి చేతులతో ఏదో గట్టిగా అడిగింది. రెండు నెలల తర్వాత ఆ పిల్ల అడిగిన మొదటి మాట అదేనట.

“ఏమంటోంది?” అన్నాను.

బాలమణి మొహం మాడిపోయింది. “‘ఆడ ఎవరున్నరు’ అంటుంది మేడమ్. ‘నన్ను కాక ఎవరిని సూస్తున్నవ్’ అంటుంది.” కూతురి గడ్డం పట్టుకుని, “నిన్నే బిడ్డా, నిన్నే సూస్తున్న” అని వేలితో పిల్ల గుండె మీద పొడిచి చూపించింది. శిరీష ఆ చెయ్యి తోసేసింది. బాలమణి అక్కడే నేల మీద కూలబడింది. “అయిపాయె మేడమ్. కన్నుతోని కాదు గావచ్చు. నేనంటెనే దానికి మనసు ఇరిగింది.”

ఆ మాటకి స్వప్న కూడా కిందికి చూసింది. నేను మాత్రం పిల్లనే చూస్తున్నాను. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ అదే గోడ. నాకు ఏదో తట్టింది. బాలమణిని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, “నా వైపు చూడమ్మా” అని వెళ్ళి పీట మీద కూర్చున్నాను. నా ఒంటికి, నా మోకాళ్ళకి ఆ పీట మీద కూర్చోవడం తేలిక కాదు. కూర్చుని తలెత్తాను.

బాలమణి కుడి కన్ను నన్ను చూస్తోంది. ఎడమ కన్ను నా తల మీదుగా క్యాలెండర్‌ని చూస్తోంది.

విషయం ఇది. పెట్టుడు కన్ను కదులుతుంది గానీ అసలు కన్నంత కదలదు. ఎదురుగా నిలబడి తిన్నగా చూస్తే రెండూ ఒక్కటే. కిందికి, దగ్గరికి చూసినప్పుడు అసలు కన్ను దిగిపోతుంది, పెట్టుడు కన్ను వెనకబడి పైనే ఉండిపోతుంది. ఫోటో తీసేటప్పుడు కెమెరా మొహానికి తిన్నగా ఉంటుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ దానికి తగ్గట్టే నల్లగుడ్డు చోటు లెక్కకట్టింది. అది చెప్పినదాంట్లో తప్పు లేదు. పెద్దవాళ్ళెవరూ ఈ తేడా పట్టించుకోరు, మాట వింటారు కాబట్టి. శిరీషకి అమ్మ ఎవరితో మాట్లాడుతోందో తెలిసేది చూపుని బట్టే. అమ్మ తన ముందు కూర్చుని, తన వెనక ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది ఆ పిల్లకి. పాపం, ఆ ఎవరో కోసం క్యాలెండర్ వెనక కూడా వెతికింది.

నాకీ పని నేర్పిన మాస్టారు, పేషెంటు ఇంటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టకుండా నల్లగుడ్డు గుచ్చేవారు కాదు. మొగుడో, పెళ్ళామో, మనవడో, ఎవరో ఒకరు. “ఈ కన్ను ఇంటికెళ్ళి ఎవర్ని చూస్తుందో వాళ్ళని పిలవండి” అనేవారు. వాళ్ళిద్దరి చేత కబుర్లు చెప్పిస్తూ, మైనంలో బిళ్ళని వెంట్రుకవాసి జరుపుతూ కూర్చునేవారు. నేనూ పాతికేళ్ళ పైన అలాగే చేశాను. కెమెరా రాగానే మానేశాను. ఎవరూ మానమనలేదు, సాఫ్ట్‌వేర్ కూడా అనలేదు. దానికి ఆ సంగతే తెలియదు, నేను చెప్పలేదు. రంగులు నా విద్య అనుకుని వాటి కోసం ఏడాది పాటు గొడవపడ్డాను. అసలు విద్యని విసుగనిపించి నా చేతులతోనే వదిలేశాను.

“స్వప్నా, మళ్ళీ మైనం కలుపు” అన్నాను.

రెండు రోజుల తర్వాత మైనం నమూనా బాలమణి రెప్పల కింద పెట్టాం. ఐరిస్ మిషను వేసిందే. చోటు మాత్రం నా చేతుల్లో ఉంది. శిరీష పీట మీద కూర్చుంది. బిళ్ళని కాస్త కిందికి, కాస్త ముక్కు వైపుకి జరిపాను. స్వప్న ట్యాబ్ చూసి ఆగింది. “మేడమ్, అంతా ఎర్రగ చూపిస్తుంది. గిట్ల పెడ్తే ఎదురుగ నిలబడ్డోళ్ళకు కన్ను కిందికి దిగినట్టు కనవడ్తది.”

నిజమే. అది పేషెంటుకి చెప్పాల్సిన విషయం. “బాలమణీ, ఒక మాట. పిల్లకి సరిపోయేలా పెడితే, బజారులో నిలబడి మాట్లాడేవాళ్ళకి ఈ కన్ను కొంచెం తేడాగా కనిపిస్తుంది. కనిపెట్టి అడుగుతారు కూడా. అందరికీ సరిపోయేలా కావాలంటే మొన్నటిదే ఉంచుకో. రెండూ కుదరవమ్మా. ఆలోచించి చెప్పు.”

“ఏం ఆలోచన మేడమ్?” అంది బాలమణి. “కూరకొచ్చినోళ్ళు కూరను సూస్తరు. నా బిడ్డకు నేను కావాలె.”

బిళ్ళని మళ్ళీ పట్టుకున్నాను. ఇంకాస్త జరపాలా, చాలా అన్నది నాకు తెగలేదు. శుక్లాల కళ్ళతో చూస్తున్నానన్న భయం కూడా ఉంది. తల తిప్పి శిరీషని చూశాను. ఆ పిల్ల నన్ను చూడటం లేదు, తల్లి కన్నునీ నా బొటనవేలినీ మార్చి మార్చి చూస్తోంది. చటుక్కున లేచి వచ్చింది. తన చిన్న వేలితో నా బొటనవేలిని కిందికి తోసింది. పీట మీదికి పోయి కూర్చుని చూసింది. తల అడ్డంగా ఊపి, మళ్ళీ వచ్చి కొంచెం పైకి తోసింది. ఎనిమిదేళ్ళుగా ఆ మొహాన్నే చదువుకున్న మనిషి. ఆ గదిలో అంత బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు, నాతో సహా. మూడోసారి కూర్చుని చూసి, ఇంక లేవలేదు. స్వప్న ట్యాబ్ మీద వెలుగుతున్న ఎర్ర గీతల్ని వేలితో పక్కకి తోసేసి, దాన్ని బల్ల మీద బోర్లించింది.

ఆఖరి కన్ను పెట్టే రోజు వచ్చింది. బాలమణి పీట ముందు కుర్చీలో కూర్చుని కిందికి, కూతురి వైపు చూసింది. శిరీష చూసింది. గోడ వైపు తిరగలేదు. తల్లి బుగ్గలు రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకీ వంచి చూసింది. తర్వాత వదిలేసి చేతులు ఎత్తింది. ఇంక ఆగలేదు! బడిలో ఎవరో తన పెన్సిల్ విరగ్గొట్టారట, టీచరమ్మ కొత్త ఆట నేర్పిందట, పన్ను ఊడిన రోజు రక్తం వచ్చిందట, అన్నంలో రోజూ పాలకూరేనా అట. రెండు నెలల మాటలు. బాలమణి ఒక్కటీ వదలకుండా తలాడిస్తూ, మధ్యమధ్య మాకు చెబుతూ, నవ్వుతూ ఏడ్చింది. కన్ను తీసేసినా కన్నీటి గ్రంథి అలాగే ఉంటుంది, నీళ్ళు రెండు వైపులా వస్తాయి. మూడు దశాబ్దాలుగా పేషెంట్లకి నేను చెప్పే పాఠమే అది. ఆ రోజు నా మొహమూ అలాగే తయారైంది.

శిరీష నన్ను చూపించి ఏదో సైగ చేసింది. నుదుటి మీద పెద్ద సున్నా, తర్వాత కనుబొమలు ముడి.

“మీకు పేరు పెట్టింది మేడమ్” అంది బాలమణి సిగ్గుపడుతూ. “పెద్ద బొట్టు కోపం ఆంటీ.”

స్వప్న కడుపు పట్టుకుని నవ్వింది. నేను కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు.

ఆ చలికాలంలో నా శుక్లాలు తీయించుకున్నాను. ఇప్పుడు నీలం బాగానే కనిపిస్తోంది. అయినా నేను వేసిన ఐరిస్‌నీ మిషను వేసినదాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది బాగుంటే అది పెడతాం. ఎక్కువసార్లు అదే నెగ్గుతుంది. చిన్నతనంగా ఉండదా అంటే ఉంటుంది. కానీ అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు ఇప్పుడు మేము అడిగే మొదటి ప్రశ్న పాతదే. “మీతో ఎవరు వస్తారు?” ఆ జవాబు వచ్చాకే ట్యాబ్ తెరుస్తాం. పనిముట్టు ఎంత గొప్పదైనా, ఈ పని ఎవరి కోసమన్నది దానికి మనమే చెప్పాలని ఆ పిల్ల నాకు నేర్పింది. ఈ వయసులో నేర్చుకున్నందుకు సిగ్గేమీ లేదు.

మొన్న మోండా మార్కెట్‌కి వెళ్ళాను. బాలమణి నిలబడి మెంతికూర కట్టలు సర్దుతోంది. నన్ను చూసి, “రాండ్రి మేడమ్!” అని నోరారా పిలిచింది. దుకాణం ముందు గోనెసంచి మీద, మా ఇద్దరి మధ్య, శిరీష కూర్చుని తల్లితో ఏదో వాదన పెట్టుకుని ఉంది. బాలమణి నాతో మాట్లాడుతుంటే, వృత్తి అలవాటు కొద్దీ నా చూపు ఆమె ఎడమ కన్ను మీదికే పోయింది. ఆ కన్ను నన్ను చూడటం లేదు. నా కన్నా కొంచెం కిందికి, కూతుర్ని చూస్తోంది.